బడి వాకిట్లో పేరయ్య మంచం

మా పోతవరప్పాడుకి కరెంటు తెచ్చింది చేకూరి పేరయ్య. బస్సు తెచ్చింది పేరయ్య. సాగర్ కాలువ నుంచి మా చేలకి పిల్లకాలువ తవ్వించింది పేరయ్య. ఈ మూడూ ఎవరూ కాదనలేరు. కాదన్నవాణ్ణి రచ్చబండ దగ్గర నిలబెట్టి, ఏ ఆఫీసు మెట్ల మీద తను ఎన్ని పూటలు పడిగాపులు పడ్డాడో, ఏ ఇంజినీరు తనకి కుర్చీ వేశాడో, ఏ ఇంజినీరు వెయ్యలేదో పేర్లతో సహా అప్పజెప్పేవాడు. చదివింది ఊరిబడిలో అయిదో తరగతి. కానీ కలెక్టరాఫీసు గుమాస్తా రాసిన అర్జీలో తప్పు పట్టి, తిరగరాయించిన ఘనత మా ఊళ్ళో ఆయన ఒక్కడిదే.

అయితే చుట్టుపక్కల ఊళ్ళలో ఆయనకి పేరొచ్చింది వీటికి కాదు. దేన్నీ నమ్మకపోవడానికి. గుంటూరు యార్డుకి మిరపకాయలు తోలుకెళితే, బస్తా కాటా మీద పెట్టే ముందు తనే ఎక్కి నిలబడేవాడు. "నా బరువు నాకు తెలుసు. మీ కాటాకి తెలుసో లేదో చూద్దాం" అనేవాడు. ఒక ఏడు పత్తి విత్తనాలు రంగుల డబ్బాల్లో వచ్చాయి. ఊరంతా డబ్బా మీది బొమ్మ చూసి కొనుక్కుని విత్తేసింది. పేరయ్య ఒక్కడే గుప్పెడు గింజలు తడి గోనెపట్టాలో చుట్టి, మొలక వస్తుందో రాదో చూద్దామని పెట్టాడు. రాలేదు. ఆ డబ్బా పట్టుకెళ్ళి కొట్టువాడి బల్ల మీద కుమ్మరించి, వేరే విత్తనం తెచ్చుకున్నాడు. ఆ ఏడు మా ఊరి నల్లరేగడిలో పచ్చగా ఉన్నది ఆయన చేనొక్కటే.

అనుమానం పెనుభూతం అంటారు గాని, పేరయ్య అనుమానం పెంపుడు కుక్కలాంటిది. వాకిట్లో పడుకుని, బయటివాణ్ణి చూస్తే మొరిగేది. ఇంట్లోవాళ్ళ మీద మాత్రం ఎప్పుడూ మొరగలేదు.

ఆయన కొడుకు వెంకటనారాయణ. కోడలు ధనలక్ష్మి. వాళ్ళకి కోటప్పకొండ మొక్కు మీద ఆడపిల్ల పుడితే కోటేశ్వరి అని పేరు పెట్టి, కోటి అని పిలుచుకున్నారు. చక్కటి పిల్ల. కానీ అయిదేళ్ళు నిండినా మాట రాలేదు. పేరు పెట్టి పిలిస్తే తల తిప్పదు. వంటింట్లో పాలగిన్నె మూత కదిలితే మాత్రం వీధి చివర్నుంచి వింటుంది. అడ్డం వెళితే దొరికిన చెయ్యి దొరికినట్టు కొరుకుతుంది. ధనలక్ష్మి మోచేతుల మీద పళ్ళగాట్లు పచ్చబొట్టు లాగా మిగిలిపోయాయి. ఏమరితే రోడ్డు మీదకి పరుగే. అందుకని కాయకోతల రోజుల్లో, ఇంటిల్లిపాదీ కల్లంలో మిరపకాయలు ఎండబోసుకుంటూ, రంగు చెడిన తాలుకాయలు ఏరుకుంటూ ఉంటే, పిల్లని పాక గుంజకి కట్టేవాళ్ళు.

"అది గొడ్డుకి కట్టే పలుపురా!" అని పేరయ్య కొడుకుని కేకలేసి విప్పేవాడు. విప్పాక పట్టుకుని కూర్చునేవాళ్ళెవరు? కాసేపు తనే కూర్చునేవాడు. ఆ తర్వాత పనిలో పడి తనే మళ్ళీ కట్టేవాడు. ముడి మాత్రం వదులుగా వేసేవాడు.

అన్నిటికన్నా గండం పొద్దు గూకే వేళ. దీపాలు పెట్టే సమయానికి పిల్ల గొంతు చించుకుని అరిచేది, గోడకేసి తల బాదుకునేది. అసురసంధ్య వేళ గాలి సోకిందన్నారు అందరూ. పేరయ్య భార్య వెంకటరావమ్మ సొంత చేలో పండిన ఎండుమిరపకాయలు, కల్లుప్పు గుప్పిట్లో పట్టి, పిల్లని ఒళ్ళో అదిమి, చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసేది. పొగ కాస్త మొహానికి తగిలితే గాలి వదులుతుందని పొయ్యి ముందే కూర్చోబెట్టేది. ఘాటు వచ్చి అందరూ దగ్గితే దిష్టి పోయినట్టు. రాకపోతే గట్టి దిష్టి అని ఇంకో గుప్పెడు. మిరపకాయ పుట్టినిల్లు మా ఊరు. దాని మాట మీద మాకెవరికీ అనుమానం లేదు. పేరయ్యకీ లేదు.

ధనలక్ష్మికి మళ్ళీ నెలలు నిండాయి. పురిటికి తీసుకెళ్ళడానికి ఇంకొల్లు దగ్గర్నుంచి ఆమె తండ్రి బాపయ్య బండి కట్టుకొచ్చాడు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి అసలు మాట ఎత్తాడు.

"బావగారూ, ఉన్నమాట చెబుతా, కోపం తెచ్చుకోబాక. మూడో నెల రాగానే తల్లినీ బిడ్డనీ తీసుకొచ్చి దింపుతా. ఆ లోపల ఈ పిల్లకి ఏదో ఒక దారి చూడు."

"ఏం దారి?"

"సముద్రం ఒడ్డున ఒక మఠం ఉందంట. ఇట్టాంటివాళ్ళని ఉంచుకుంటారంట. కాళ్ళకి గొలుసేస్తారు గాని తిండికి లోటుండదంట. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో ఇది ఉంటే, ఏ పూట ఏం చేస్తదో ఎవరు చెప్పగలరు?"

"నా మనవరాలికి గొలుసా? ఊరికి కరెంటు తెచ్చినోడి మనవరాలికి?"

"కరెంటు తెచ్చినోడివి దీనికి మాట తెప్పించలేకపోయావుగా బావా!" అన్నాడు బాపయ్య. అని, బండెక్కాడు. "దారి చూడకపోతే మా అమ్మాయి మా ఇంట్లోనే ఉంటది. తర్వాత నన్ననుకోబాక."

ధనలక్ష్మి బండి వెనక కూర్చుని, కోటిని చూస్తూ చూస్తూ వెళ్ళిపోయింది. ఆమె కూడా ఒక్క మాట కాదనలేదు. పేరయ్యకి అన్నం సయించలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఊళ్ళోకి జీపు వచ్చింది.

చిలకలూరిపేట పొలిమేరలో పాత పొగాకు గోడౌను అద్దెకి తీసుకుని, 'ఆసరా బడి' అని బోర్డు పెట్టిన సంస్థ అది. నడిపేది ఇమ్మానియేలు. మిషను బళ్ళో మాస్టరుగా చేసి మానేసిన మనిషి. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడంకాలికి ఇనప పట్టీల బూటు. ఆయన వెంట సంతోషకుమారి అని పడుచు టీచరమ్మ. కాళ్ళూ చేతులూ సరిగ్గా లేనివాళ్ళు, మాట రానివాళ్ళు, మంకుపట్టు పట్టి చెప్పినమాట వినని చిన్నపిల్లలు ఎవరింట్లో ఉన్నారని ఇల్లిల్లూ తిరిగి అడిగారు.

జీపు ఇంకా మలుపు తిరగకముందే పక్కింటి పిచ్చమ్మ గోడ మీంచి తల పెట్టింది. "పేరయ్యన్నా, జాగ్రత్త! పిల్లల్ని తీసుకుపోయి కళ్ళు పీకి అమ్ముకుంటారంట. మా చెల్లెలి ఊళ్ళో చెప్పారు."

"ఎవరి కళ్ళు పోయినయ్యి మీ చెల్లెలి ఊళ్ళో?"

"ఎవరియ్యీ పోలేదు. తీసుకుపోతేగా!"

పేరయ్య తను అరుగు మీద కూర్చుని వాళ్ళని విచారణ చేశాడు. వాళ్ళని కూర్చోమనలేదు. ఇమ్మానియేలు గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఏమయ్యా, నెలకెంతియ్యాలి మీకు?"

"ఏమీ వద్దండి. ఇవ్వగలిగినవాళ్ళు బియ్యమిస్తారు. లేనివాళ్ళు లేదండి."

"మరి మీకేంటి లాభం?"

"లాభమంటే... ఏం చెప్పమంటారండి?"

"చూడూ, లాభం లేకుండా జీపెక్కి వచ్చినోడు ఓట్లకన్నా రావాల, దొంగతనానికన్నా రావాల. ఇప్పుడు ఎలక్షన్లు లేవు."

ఇమ్మానియేలు నవ్వాడు. ఆ నవ్వు కూడా పేరయ్యకి నచ్చలేదు. అంత మాటన్నా కోపం రాలేదంటే లోపల ఏదో ఉందన్నమాటే.

సంతోషకుమారి అందుకుంది. "మొదట్లో పిల్లతోపాటు ఇంటి మనిషి ఒకరు అక్కడే ఉండాలండీ, రాత్రుళ్ళు కూడా. నాయనమ్మగారు వస్తే బాగుంటుంది. అలవాటైన మనిషి లేకపోతే పిల్ల బెదిరిపోతుంది."

పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు ఇంటిమనిషిని వెంట రమ్మంటారా? అనుకున్నాడు పేరయ్య. రమ్మంటే అనుమానం రాదని రమ్మంటున్నారేమో! పోనీ, ఇంకేం దారుంది? సముద్రం ఒడ్డు గొలుసు కళ్ళ ముందు ఆడింది.

"నాయనమ్మ రాదు. నేనొస్తా" అన్నాడు.

మర్నాడు రెండెడ్లబండి మీద తన నులకమంచం, తన నీళ్ళకూజా, తన సద్దిమూట, ఒళ్ళో కోటి. గోడౌను వాకిట్లో, లోపలికి పోయేవాళ్ళూ బయటికి వచ్చేవాళ్ళూ తప్పనిసరిగా తగిలి వెళ్ళే చోట మంచం వేశాడు. జీపు బయటికి తియ్యాలన్నా ఆయన లేచి మంచం జరపాల్సిందే. జరిపే ముందు జీపు లోపలంతా తొంగిచూసేవాడు.

లోపల పాతిక మంది దాకా ఉన్నారు. ఒక పక్క పెద్దవాళ్ళు, కాలు లేనివాళ్ళూ కళ్ళు లేనివాళ్ళూ, మిరపకాయల వ్యాపారులకి గోతాలు కుడుతున్నారు. ఇంకో పక్క పిల్లలు. పేరయ్య చూపు తిప్పకుండా కూర్చున్నాడు. వాళ్ళు భోజనానికి ముందు ప్రార్థనకి కళ్ళు మూసుకుంటే ఆయన రెండు కళ్ళూ తెరుచుకుని కూర్చునేవాడు. వాళ్ళ నీళ్ళు తాగలేదు, వాళ్ళ అన్నం ముట్టలేదు. కాలం అట్లాంటిది, ఆయన కూడా ఆ కాలంవాడే.

ఆ పట్టు రెండోరోజు ఉదయం సడలింది. సంతోషకుమారి కోటికి గ్లాసుతో రాగిజావ తెచ్చింది. పిల్ల గ్లాసు అందుకోబోయింది.

"ఆగు! ఏంటిది?"

"జావండీ."

"అందులో ఏం కలిపారు?"

"బెల్లం."

మందు కలపలేదని రుజువేమిటి? నల్లమందు వేసి పిల్లల్ని నిద్రపుచ్చే రకాల్ని ఆయన ఎరగనివాడు కాదు. రుచి చూడాలి. చూడాలంటే ఆ గ్లాసు నోట పెట్టుకోవాలి. పేరయ్య అటూ ఇటూ చూశాడు. మా ఊరివాళ్ళెవరూ లేరు. గ్లాసు ఎత్తిపట్టి గుక్కెడు పోసుకున్నాడు. సరిగా తెలియలేదు. ఇంకో గుక్కెడు పోసుకున్నాడు.

గోతాలు కుట్టేవాళ్ళలో అల్లాబక్షు అని గుడ్డివాడు. చేతిలో దబ్బనం ఆపకుండానే పెద్దగా నవ్వాడు. "పెద్దాయనా, మొత్తం తాగి చూడు. మందు ఎప్పుడూ అడుగునే ఉంటది!"

"నువ్వెవరయ్యా? సాయిబువా? నిన్నిక్కడ ఎందుకుంచారు?"

"గోతాలు కుట్టడానికి."

"నిన్ను వాళ్ళ మతంలో కలపలేదా?"

"ఎంతకాలంగానో ఉన్నా, ఇంకా కలపలేదండీ. నా నమాజు వేళకి ఆ మాస్టారే వచ్చి పడమర ఎటో చెబుతాడు. గుడ్డోణ్ణి గదా, ఒకరోజు నన్ను ఉత్తరం తిప్పాడేమోనని నాకూ అనుమానమే!"

పేరయ్యకి నవ్వు వచ్చింది గాని నవ్వలేదు.

ఇమ్మానియేలు ఒకరోజు కెమెరా తెచ్చి కోటిని ఫొటో తియ్యబోయాడు. పేరయ్య మంచం మీంచి ఒక్క ఉదుటున లేచాడు. "ఎక్కడికి పంపుతావు ఆ ఫొటో?"

"సాయం చేసేవాళ్ళకండి. గుంటూరు బ్రాడీపేటలో డాక్టరుగారొకరు, రెండు మూడు చర్చీలు..."

"అంటే మా ఇంటి పిల్లని చూపించి అడుక్కుంటావా?"

అబద్ధం చెబుతాడని పేరయ్య ఎదురుచూశాడు. చెబితే పట్టుకుందామని. ఇమ్మానియేలు కెమెరా దించి, "నిజమేనండి. అడుక్కుంటున్నాం" అన్నాడు. ఫొటో తియ్యలేదు. అబద్ధం దొరకనందుకు పేరయ్యకి ఆ పూటంతా చిరాగ్గా ఉంది.

అయితే అసలు అనుమానం వేరే ఉంది. వచ్చిన దగ్గర్నుంచి పొద్దు గూకే వేళ కోటి అరవలేదు.

పగలు కొరికింది. సంతోషకుమారి మణికట్టు కొరికింది, అల్లాబక్షు దారపు ఉండలు విసిరికొట్టింది, గేటు దాకా పరిగెత్తింది. పాత కోటే. కానీ సందె వాలేసరికి గోడవారన కూర్చుని, డబ్బాలోంచి డబ్బాలోకి పత్తిగింజలు వంపుకుంటూ ఉండిపోయేది. పేరయ్య దీపం తెచ్చి పిల్ల కళ్ళలోకి చూశాడు. నోరు వాసన చూశాడు. ఏ వాసనా లేదు.

ఇమ్మానియేలుని పట్టుకున్నాడు. "నిజం చెప్పు. ఏం పెడుతున్నారు దీనికి?"

"మీరు తాగకుండా ఆ పిల్ల నోట్లోకి చుక్క పోవడం లేదు కదండీ. ఇంకేం పెడతాం?"

"మరి మా ఇంట్లో రోజూ సందె వేళ చచ్చేటట్టు ఏడిచే పిల్ల ఇక్కడ ఎందుకు ఏడవదు?"

"మాకూ తెలియదండి. చీకటంటే భయమేమో అనుకుని నేను ముందుగానే లాంతరు పెట్టిస్తున్నా. నిన్న సందేళ గాలికి లాంతరు ఆరిపోయింది. అయినా ఏడవలేదు. అంటే నా లెక్క తప్పు." బూటు పట్టీ సర్దుకుంటూ అడిగాడు. "ఆ వేళకి మీ ఇంట్లో ఏం జరుగుద్దండీ?"

"ఏం జరుగుద్ది? దీపాలు పెట్టుకుంటాం. అందరిళ్ళలో జరిగేదే."

దిష్టి సంగతి చెప్పలేదు. చర్చి మనిషి, నవ్వుతాడు. వీళ్ళ ముందు మన ఇంటి ఆచారం బయటపెట్టుకోవడమేమిటి? పైగా ఆయనకి లోపల ఇంకో భయం మొదలైంది. దిష్టి తియ్యక ఇన్ని రోజులాయె. ఇంతమంది కళ్ళు పడ్డ పిల్ల. గాలి వదిలి కాదు, లోపల ముదిరి ఇట్లా నోరు కట్టేసిందేమో!

చిలకలూరిపేట బస్సు కండక్టరుతో ఇంటికి కబురుపెట్టాడు. ఆదివారం సాయంత్రం ఇమ్మానియేలూ సంతోషకుమారీ చర్చికి పోతారు. ఆ వేళకి రమ్మన్నాడు వెంకటరావమ్మని. కొంగులో మన చేలో కాయలు కట్టుకుని రమ్మన్నాడు.

ఆమె వచ్చింది. మనవరాలిని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. గోడౌను వెనక మూడు ఇటుకలు పెట్టి పేరయ్య తనే నిప్పు రాజేశాడు. పొద్దు వాలింది. కోటి పత్తిగింజల దగ్గర నిమ్మళంగా ఉంది. వెంకటరావమ్మ కొంగు విప్పి కాయలూ ఉప్పూ గుప్పిట పట్టి, "రావే నా తల్లీ" అంటూ దగ్గరికెళ్ళింది.

పిల్ల ఆ గుప్పిట చూసింది.

అంతే. నిప్పులో ఇంకా ఒక్క కాయ పడలేదు. పొగ లేదు, ఘాటు లేదు. కోటి వెనక్కి వెనక్కి జరిగి గోడకి తగిలి, గొంతు పగిలేట్టు అరిచింది. డబ్బాలు దొర్లిపోయాయి. వెంకటరావమ్మ అలవాటు కొద్దీ ఒళ్ళోకి లాక్కోబోతే మణికట్టు పట్టి కొరికింది. నెత్తురు వచ్చింది.

"చూశావా, చూశావా! ఉందయ్యా, గాలి ఉంది! పట్టుకో, నేను తిప్పుతా!" అంది వెంకటరావమ్మ.

పేరయ్య కదల్లేదు.

"ఏందయ్యా, చూస్తావేం?"

"పారెయ్యి" అన్నాడు.

"ఏంటి?"

"చేతిలోవి పారెయ్యవే!"

ఆయన గొంతు విని ఆమె వదిలేసింది. కాయలు నేల మీద చెల్లాచెదురయ్యాయి. పిల్ల ఇంకా వణుకుతూనే ఉంది. లోపల్నుంచి అల్లాబక్షు తడుముకుంటూ వచ్చి, గోతాల కుప్ప మీద చెయ్యితో తట్టాడు. కోటి ఆ కుప్పలోకి దూరి మొహం దాచుకుంది. చాలాసేపటికి అరుపు వెక్కిళ్ళలోకి దిగింది.

అప్పుడు పేరయ్య చేసిన పని చూసి వెంకటరావమ్మకి మతి పోయింది. ఆయన పిల్ల ఎదురుగా గొంతుక్కూర్చుని, తన ఉత్త చెయ్యి చాపాడు. పిల్ల చూసి ఊరుకుంది. మెల్లిగా గుప్పిట మూశాడు. పిల్ల రెండు చేతులూ కళ్ళకి అడ్డం పెట్టుకుని గోతాల్లోకి ఇంకా కూరుకుపోయింది. గుప్పిట విప్పాడు. కాసేపటికి ఒక కన్ను బయటికొచ్చింది.

రెండోసారి మూసి చూడ్డానికి ఆయనకి చెయ్యి రాలేదు.

"సందె వేళ అరుస్తుందని దిష్టి తీస్తున్నామా, దిష్టి తీస్తామని సందె వేళ అరుస్తుందా?" అన్నాడు, భార్యని కాదు, ఎవరినీ కాదు.

వెంకటరావమ్మకి అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కోపం వచ్చింది. "అయితే దాన్ని నేనే ఏడిపించానంటావా? ఈ చేతుల్తో పెంచినదాన్ని? వీళ్ళ జావ తాగి ఆ మాట నేర్చుకున్నావా?"

"జావ సంగతి నీకెవరు చెప్పారు?"

"కండక్టరు చెప్పాడు! బస్సంతా చెప్పుకుంటోంది!"

ఆమె ఏడ్చుకుంటూ ఆఖరి బస్సుకి వెళ్ళిపోయింది. చర్చి నుంచి వచ్చిన ఇమ్మానియేలు నేల మీది మిరపకాయలు చూశాడు, ఆరిన నిప్పు చూశాడు. పేరయ్యే మంచం మీద ఒక పక్కకి జరిగాడు.

"కూర్చో మాస్టారూ" అన్నాడు. ఆ మనిషిని కూర్చోమనడం, మాస్టారూ అనడం అదే మొదలు. జరిగింది చెప్పాడు. చెప్పి, నవ్వుతాడేమోనని మొహంలోకి చూశాడు.

"మా అమ్మ నా కాలికి తియ్యని దిష్టి లేదండీ" అన్నాడు ఇమ్మానియేలు. "చర్చికెళ్ళే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి. పాస్టరుగారికి చెప్పొద్దని నా చేత ఒట్టు కూడా వేయించుకునేది."

ఈసారి పేరయ్య నవ్వాడు.

పిల్ల బడికి అలవాటుపడి, ఇద్దరూ ఇంటికొచ్చాక వెంకటరావమ్మతో రోజూ పంచాయతీయే. దిష్టి తియ్యకుండా పిల్లని గాలికొదిలేస్తే తనేం నాయనమ్మ అని ఆమె. పిల్ల ముందు గుప్పిట పట్టావంటే ఊరుకోనని ఈయన. ఆఖరికి ఆమె ఒక ఉపాయం పట్టింది. కోటి విడిచిన గౌను పెరట్లోకి పట్టుకెళ్ళి, దానికి దిష్టి తీసి, చాకలిబండ అవతల మంట పెట్టి అక్కడే దగ్గుకుని వచ్చేది. పేరయ్య చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. సందె అరుపు ఒక్కసారిగా పోలేదు. మెల్లిగా, పొగాకు చేలో మల్లె కలుపు తగ్గినట్టు తగ్గుతూ తగ్గుతూ వచ్చింది. కొరకడం ఉంది, మాట లేదు, పరుగు ఉంది. కానీ పలుపు గుంజ నుంచి తీసేశారు. వారానికి నాలుగు రోజులు బస్సులో బడికి, మిగతా రోజులు ఇంట్లో పత్తిగింజలు.

మూడో నెల వచ్చింది. బాపయ్య కబురుపెట్టాడు. దింపడానికి వస్తున్నాం, ఇల్లు సిద్ధం చేసుకోమని. ఇల్లు సిద్ధమంటే ఏమిటో పేరయ్యకి తెలుసు.

మంచి గడియ చూసుకుని బయల్దేరి, అంబాసిడర్ కారులో దిగేసరికి పొద్దు వాలింది. పురిటి నుంచి వచ్చిన తల్లీబిడ్డల్ని ఉత్తచేతుల్తో లోపలికి పిలవడం మా ఊళ్ళో లేదు. గుమ్మం ముందే ఆపి, మిరపకాయలూ ఉప్పూ తిప్పి, నిప్పులో వేసి, అప్పుడు కుడికాలు పెట్టించాలి. వెంకటరావమ్మ వెనకాడుతుంటే పిచ్చమ్మే నిప్పుల కుంపటి తెచ్చి వాకిట్లో పెట్టింది. చుట్టుపక్కల ఆడవాళ్ళంతా మూగారు. కోటి అరుగు మీద డబ్బాలతో కూర్చుని ఉంది. ధనలక్ష్మి చంటిబిడ్డని పొదువుకుని గుమ్మం ముందు నిలబడి, పెద్దదాని వంకే చూస్తోంది.

పిచ్చమ్మ గుప్పిట పట్టి ముందుకొచ్చింది. అరుగు మీద డబ్బా చప్పుడు ఆగిపోయింది.

పేరయ్య గుమ్మానికి అడ్డం వచ్చి నిలబడ్డాడు.

"పిచ్చమ్మా, చెయ్యి దించు. కుంపటి తీసెయ్యి."

"అదేంటన్నా! పసిబిడ్డ! పొలిమేరలు దాటి వచ్చింది!"

"ఈ గుమ్మంలో ఎవరూ గుప్పిట తిప్పడానికి వీల్లేదు."

ఆడవాళ్ళు మొహాలు చూసుకున్నారు. వెనకనుంచి ఎవరో, "కలిసిపోయాడే! బడి కాదు, గుడి కాదు, చర్చిలో కలిసిపోయాడు" అన్నారు. "రోజూ జావ తాగాడంట!" అన్నారింకొకరు. ఇన్నాళ్ళూ ఊరందర్నీ నిలబెట్టి ప్రశ్నలడిగిన పేరయ్య, తన గుమ్మంలో తనే నిలబడి ఆ మాటలన్నీ విన్నాడు.

బాపయ్య కారు తలుపు దగ్గరే ఉండిపోయాడు. "ఎంతిచ్చారు బావా వాళ్ళు నీకు? లాభం లేకుండా నువ్వీపని చెయ్యవే!"

కరెంటు తెచ్చిన సంగతి, కాలువ తవ్వించిన సంగతి ఇక్కడ అక్కరకి రావు. "అది ఆ గుప్పిటకి భయపడుతుంది" అని కోటి వైపు చూపించాడు. "గాలి లేదు, ధూళి లేదు. మేమే భయపెట్టాం. రోజూ భయపెట్టాం. అంతే నాకు తెలిసింది. నమ్మితే నమ్మండి."

"మరి చంటిదానికి ఏమన్నా అయితే?" అన్నాడు బాపయ్య.

"ఏమో. ఏమీ కాదని నేను రాసివ్వలేను."

అందరూ ధనలక్ష్మి వైపు తిరిగారు. ఆమె అరుగు మీదికి చూసింది. కోటి రెండు చేతులూ కళ్ళకి అడ్డం పెట్టుకుని ఉంది. అరవలేదు, కానీ ఒళ్ళంతా బిగుసుకుని ఉంది. ఆ భంగిమ ధనలక్ష్మికి తెలుసు. ఎన్నో సాయంత్రాలు పొయ్యి ముందు అత్తగారికి సాయంగా ఆ చేతుల్ని కళ్ళ మీంచి పట్టి లాగింది తనే.

"మామయ్యా, కాస్త పక్కకి జరగండి" అంది.

పేరయ్య పక్కకి జరిగాడు. కుంపటి దగ్గరికి వెళుతుందనుకున్నాడు. ఆమె కుంపటిని చుట్టి, అరుగు దగ్గరికి వెళ్ళి, పెద్దదానికి బారెడు దూరంలో కూర్చుంది. చంటిబిడ్డని ఒళ్ళో పెట్టుకుని మోచేయి అడ్డం పెట్టుకుంది. భయం పోలేదామెకి. ఆ మోచేతి మీద పాత పళ్ళగాట్లు తెల్లగా కనిపిస్తున్నాయి.

కోటి ఒక చెయ్యి దించింది. చూసింది. తల్లిని చూసిందో, బిడ్డని చూసిందో ఎవరికీ తెలియలేదు. మళ్ళీ డబ్బా అందుకుంది.

"నాన్నా, పెట్టె లోపల పెట్టించు" అంది ధనలక్ష్మి తలెత్తకుండానే. "వెళ్ళేటప్పుడు ఆ మఠంవాళ్ళకి మాట చెప్పించి వెళ్ళు. మా పిల్ల రాదని చెప్పించు."

బాపయ్య పెట్టె తనే ఎత్తుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి కుంపటి వంక, పేరయ్య వంక అనుమానంగా చూసి, చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాడు.